డాలీ పార్టన్ తొలి ఆల్బమ్: గొంతు కంటే ముందు కలమే అమ్ముడైంది

క్లుప్తంగా: అమెరికన్ కంట్రీ గాయని డాలీ పార్టన్ తొలి ఆల్బమ్, 1967 సెప్టెంబర్‌లో వచ్చిన "హలో, అయామ్ డాలీ"ని కొత్త గాయని పరిచయంగా చూస్తే సగమే అర్థమవుతుంది. అందులో ఉన్న 12 పాటల్లో 10 పాటలు ఆమె ఒక్కతేనో, మేనమామ బిల్ ఓవెన్స్‌తో కలిసో రాసినవి. కొన్ని అప్పటికే వేరేవాళ్లు పాడగా హిట్టయినవి. అంటే అప్పటికే పాటలు చెలామణీలో ఉన్న రచయిత్రి, వాటిని తన గొంతుతో మళ్లీ చెప్పుకున్న ఆల్బమ్ ఇది. చిత్రం ఏంటంటే, జనానికి గుర్తుండిపోయింది మాత్రం ఆమె రాయని పాట.

2024లో బియాన్సే "కౌబాయ్ కార్టర్" వచ్చాక, అందులో పార్టన్ పాత పాట "జోలీన్"నీ దాని ముందు డాలీ పార్టన్ మాటలనీ విన్నాక, అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతం జోలికి ఎప్పుడూ పోనివాళ్లు కూడా ఈవిడ పాత రికార్డులు వెతకడం మొదలుపెట్టారు. వెతికినవాళ్లకి మొదట ఎదురయ్యేది గందరగోళమే. మొదటి ఆల్బమ్ ఏదో ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా కనిపిస్తుంది, కంపెనీల పేర్లు మారిపోతుంటాయి, ఒకే పాట రెండు మూడు ఆల్బమ్‌లలో తగులుతుంది. పైగా మన దగ్గర ఆల్బమ్ అంటే చాలాకాలం సినిమా ఆడియోనే కాబట్టి, ఒక గాయని పేరు మీద ఆల్బమ్ రావడం వెనక ఉన్న లెక్కలు మనకి అంత అలవాటు లేనివి.

ఇంతకీ మొదటిది ఏది?

సోలో ఆల్బమ్ అని కచ్చితంగా అడిగితే జవాబు ఒకటే: మాన్యుమెంట్ రికార్డ్స్ తెచ్చిన "హలో, అయామ్ డాలీ". కానీ అంతకుముందు 1963లో సోమర్‌సెట్ అనే చవక రికార్డుల కంపెనీ ఒక ఎల్పీ, అంటే ఆల్బమ్ పట్టే పెద్ద రికార్డు, వేసింది. పేరున్న కంట్రీ గాయనులు కిట్టీ వెల్స్, ప్యాట్సీ క్లైన్ హిట్లని ఫే టకర్ అనే గాయని, డాలీ పార్టన్ పంచుకుని పాడిన రికార్డు అది. అప్పటికి పార్టన్ ఇంకా బడిలోనే ఉంది. అదీ కాక 13 ఏళ్ల వయసులో లూసియానాలోని లేక్ చార్లెస్ దాకా వెళ్లి గోల్డ్‌బాండ్ అనే చిన్న కంపెనీకి "పప్పీ లవ్" అనే సింగిల్ (అటొకటి, ఇటొకటి పాట ఉండే చిన్న రికార్డు) పాడింది, అది 1959లో వచ్చింది. 1962లో మెర్క్యురీ కంపెనీకి ఇంకో సింగిల్. ఇవేవీ సోలో ఆల్బమ్ లెక్కలోకి రావు, కానీ 1967 నాటికి ఆమె ఎంత కొత్త అనే ప్రశ్నకి మాత్రం ఇవే జవాబు. అసలు కొత్తే కాదు. రికార్డింగ్ గదుల చుట్టూ తిరగడం మొదలుపెట్టి అప్పటికే ఎనిమిదేళ్లు.

1946 జనవరి 19న టెనెసీ రాష్ట్రం సెవియర్ కౌంటీలో పుట్టింది. పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది. తండ్రి పొగాకు పండించే చిన్న రైతు, చదవడం రాయడం రానివాడు. తల్లి పాత కొండప్రాంతపు కథాగేయాలు పాడేది. ఆ కథాగేయాలు, చర్చి పాటలు, నాక్స్‌విల్‌లో క్యాస్ వాకర్ రేడియో, టీవీ కార్యక్రమాలు, ఇదీ ఆమె సంగీత శిక్షణ. 1964లో హైస్కూల్ పూర్తిచేసిన మర్నాడే కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్ బస్సెక్కింది. అక్కడ మేనమామతో కలిసి కంబైన్ మ్యూజిక్ అనే పబ్లిషింగ్ కంపెనీలో, అంటే పాటల హక్కులు చూసుకునే కంపెనీలో, పాటల రచయితగా చేరింది. ఈ కంపెనీ పేరు గుర్తుపెట్టుకోవాలి, తర్వాత మళ్లీ వస్తుంది.

పాప్ పాడించిన కంపెనీ

మాన్యుమెంట్ యజమాని ఫ్రెడ్ ఫాస్టర్. 1958లో కంపెనీ పెట్టాడు, దాన్ని నిలబెట్టింది రాయ్ ఆర్బిసన్ పాటలు. "ఓన్లీ ద లోన్లీ", "ఓ, ప్రెటీ ఉమన్" లాంటివి అమ్మి వచ్చిన కంపెనీ కాబట్టి దాని చూపంతా పాప్ మార్కెట్ మీదే ఉండేది. ఆ ఆర్బిసన్ కూడా 1965లో ఎంజీఎం అనే ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు. అలాంటి సమయంలో చేతికొచ్చిన పందొమ్మిదేళ్ల అమ్మాయిది బాగా పైస్థాయిలో సన్నగా వణికే గొంతు. ఈ గొంతు కంట్రీకి నప్పదు, టీనేజ్ పాప్‌కి పనికొస్తుంది అని కంపెనీ అంచనా వేసింది.

ఇప్పుడు వింటే నవ్వొస్తుంది కానీ ఆ అంచనాకి కారణం ఉంది. యాభైల చివర్లో రాక్ అండ్ రోల్ దెబ్బకి కంట్రీ రికార్డుల అమ్మకాలు పడిపోయినప్పుడు ఛెట్ ఆట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ లాంటి నిర్మాతలు పల్లెపద్ధతి ఫిడేలు, స్టీల్ గిటార్ జోరు తగ్గించి, వయొలిన్ల బృందం, మెత్తటి కోరస్ పెట్టి "నాష్‌విల్ సౌండ్" తయారుచేశారు. ఆ పద్ధతిలో గాయని అంటే నిండైన, మృదువైన గొంతు, ప్యాట్సీ క్లైన్‌ది కొలమానం. క్లైన్ 1963 మార్చిలో విమాన ప్రమాదంలో పోయింది, కొలమానం మాత్రం పోలేదు. దాని పక్కన పెడితే పార్టన్ గొంతు చిన్నపిల్ల గొంతులా, కొండప్రాంతపు యాసతో వినిపించేది. అందుకే పాప్ సింగిల్స్ పాడించారు. "హ్యాపీ, హ్యాపీ బర్త్‌డే బేబీ" లాంటివి కొన్ని వచ్చాయి, ఏదీ అమెరికా పాప్ పాటల ర్యాంకుల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లోకి ఎక్కలేదు.

పేరు లేని రెండో గొంతు

మలుపు ఆమె సొంత రికార్డుతో రాలేదు. పార్టన్, ఓవెన్స్ రాసిన "పుట్ ఇట్ ఆఫ్ అంటిల్ టుమారో" అనే పాటని 1966లో బిల్ ఫిలిప్స్ అనే గాయకుడు రికార్డు చేశాడు. వదిలేసి వెళ్లబోతున్న మనిషిని, ఇవాళ్టికి పెట్టిన బాధ చాలు, మిగతాది రేపు చూద్దువులే అని బతిమాలే పాట. దాంట్లో వెనక జత గొంతు పార్టన్‌దే, కానీ రికార్డు మీద ఆమె పేరు లేదు. పాట కంట్రీ చార్టులో 6వ స్థానం దాకా వెళ్లింది, ఆ పాడిన అమ్మాయి ఎవరని రేడియోవాళ్లు అడగడం మొదలైంది. పాప్‌కి తప్ప పనికిరాదన్న గొంతు, కంట్రీ రేడియోలో పరాయి మనిషి పాటలో జనానికి నచ్చిందన్నమాట. మాన్యుమెంట్ ఇక పట్టు సడలించి కంట్రీ పాడనిచ్చింది.

మొదట వచ్చింది "డంబ్ బ్లాండ్", 1966 చివర్లో. చార్టులో 24 దాకా వెళ్లింది. తర్వాత 1967లో "సమ్‌థింగ్ ఫిషీ", 17 దాకా. ఈ రెండూ నడిచాకే కంపెనీకి ఆల్బమ్ ఆలోచన వచ్చింది. ఇది ఆ కంపెనీ పిసినారితనం కాదు, అప్పటి కంట్రీ వ్యాపారమే అంత. రేడియోలోనూ జ్యూక్‌బాక్స్‌లలోనూ తిరిగే సింగిలే అసలు సరుకు, ఎల్పీ అనేది రెండు సింగిల్స్ నిలబడ్డాక, వాటి వెనకవైపు పాటలు (బీ సైడ్లు), చేతిలో ఉన్న మిగతా పాటలు కలిపి కట్టే మూట. నాష్‌విల్‌లో మూడు గంటల రికార్డింగ్ సెషన్ ఒక కొలత, ఆ మూడు గంటల్లో మూడు నాలుగు పాటలు అయిపోవాలి, వాయించేవాళ్లు అందరికీ వాయించే అదే జట్టు. అలా చూస్తే 12 పాటల ఆల్బమ్ అంటే మూడు నాలుగు సెషన్ల పని, మొత్తం వినడానికి దాదాపు అరగంట.

రెండు సెంట్ల లెక్క

ఈ ఆల్బమ్ ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే పాటల కంటే ముందు డబ్బు దారి చూడాలి.

అమెరికాలో ఒక రికార్డు అమ్ముడైతే దానిమీద ఉన్న ప్రతి పాటకీ రచయిత, పబ్లిషర్ కలిపి ఇంత అని కట్టాలి. 1909 చట్టంలో పెట్టిన రేటు పాటకి 2 సెంట్లు, 1978 దాకా అదే రేటు. మామూలు ఒప్పందంలో ఒక సెంటు పబ్లిషర్‌కి, ఒక సెంటు రచయితకి. ఇద్దరు రాస్తే ఆ ఒక్క సెంటూ చెరిసగం. ఒక ఎల్పీలో పది పాటలు పార్టన్, ఓవెన్స్ కలిసే రాశారనుకుంటే, ఎల్పీకి 20 సెంట్లు, అందులో పబ్లిషర్‌కి 10, పార్టన్‌కి 5, మేనమామకి 5. ఉదాహరణకి లక్ష కాపీలు పోయాయనుకుంటే ఆమె వాటా 5,000 డాలర్లు.

చిన్న మొత్తంలా కనిపిస్తుంది, అసలు కిటుకు వేరేచోట ఉంది. గాయనిగా రావాల్సిన రాయల్టీ వెంటనే చేతికి రాదు. సెషన్ల ఖర్చు, సంగీతకారుల కూలీ అన్నీ ముందు ఆమె ఖాతాలోంచే కోసుకుంటుంది కంపెనీ, అవి తీరాకే పైసలు మొదలవుతాయి. రచయిత డబ్బుకి మామూలుగా ఆ కోత ఉండదు, మొదటి కాపీ నుంచే లెక్కలోకి వస్తుంది. రేడియో సంగతి ఇంకా విచిత్రం. అమెరికా రేడియో స్టేషన్లు పాట వేస్తే రచయితకీ పబ్లిషర్‌కీ చెల్లిస్తాయి, పాడినవాళ్లకి ఏమీ చెల్లించవు, ఈ రోజుకీ అంతే. కాబట్టి 1966లో రేడియోలో బిల్ ఫిలిప్స్ పాట మోగిన ప్రతిసారీ ఆ లెక్క చేరింది పాడిన ఫిలిప్స్‌కి కాదు, రాసిన పార్టన్, ఓవెన్స్‌లకీ వాళ్ల పబ్లిషర్‌కీ. సినిమా పాటకి ఒకసారి పారితోషికం తీసుకుని చేతులు దులుపుకోవడమే చూసిన తెలుగు పాఠకులకి ఇది వింతగా ఉండొచ్చు. మన దేశంలో గీత రచయితలకి, సంగీత దర్శకులకి రాయల్టీ హక్కు గట్టిగా వచ్చింది 2012 కాపీరైట్ సవరణతోనే.

ఇక కంబైన్ మ్యూజిక్ సంగతి. అది కూడా ఫ్రెడ్ ఫాస్టర్‌దే. అంటే పార్టన్ రాసిన పాటని పార్టనే పాడి మాన్యుమెంట్ అమ్మితే ఫాస్టర్‌కి రెండు జేబులూ నిండుతాయి, వేరేవాళ్లు పాడినా కనీసం ఒక జేబు నిండుతుంది. కొత్తమ్మాయి తొలి ఆల్బమ్‌లో అన్నేసి సొంత పాటలుండటానికి ఆమె ప్రతిభ ఒక కారణమైతే, యజమానికి అది లాభసాటి కావడం రెండో కారణం. బీ సైడ్లలోనూ ఇదే తర్కం. "డంబ్ బ్లాండ్" రాసింది కర్లీ పట్మన్, కానీ ఆ సింగిల్ వెనకవైపు ఉన్న "ద గివింగ్ అండ్ ద టేకింగ్" పార్టన్ వాళ్లది. జనం ముందువైపు కోసమే కొన్నా వెనక పాటకీ అవే రెండు సెంట్లు.

అక్షింతల బదులు రాళ్లు

ఆల్బమ్‌లో చాలా పాటలు ప్రేమ, మోసం, విడిపోవడం చుట్టూనే తిరుగుతాయి, ఆ రోజుల్లో ఏ కంట్రీ రికార్డు తీసినా ఇంతే. తేడా ఆడమనిషి మాట్లాడే తీరులో ఉంది. "యువర్ ఓల్ హ్యాండీ మ్యాన్"లో భార్య ఇంట్లో చాకిరీ అంతా తనే చేస్తున్నానని విసుక్కుంటుంది. "సమ్‌థింగ్ ఫిషీ"లో మొగుడు చేపల వేటంటూ మాటిమాటికీ వెళ్తుంటే, ఈ వేటలో ఇంకేదో వాసన వస్తోందని భార్య ఎత్తిపొడుస్తుంది, ఇంగ్లిష్‌లో ఆ మాటకి చేప అనీ అనుమానం అనీ రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి పాటంతా ఆ శ్లేష మీదే నడుస్తుంది. "ఐ డోంట్ వాంట్ టు త్రో రైస్" ఇంకా ఘాటు. అమెరికాలోనూ పెళ్లిలో వధూవరుల మీద బియ్యం చల్లే ఆచారం ఉంది. ప్రేమించినవాడు ఇంకో పిల్లని చేసుకుంటుంటే చూస్తున్న అమ్మాయి, నాకు చల్లాలని ఉన్నది బియ్యం కాదు, ఆ పెళ్లికూతురి మీద రాళ్లు వేయాలని ఉంది అంటుంది. అక్షింతలు చేత్తో పట్టుకుని పళ్లు నూరుకునే ఆ దృశ్యం అర్థం కావడానికి తెలుగువాళ్లకి ఏ వివరణా అక్కర్లేదు.

"ఫ్యూయల్ టు ద ఫ్లేమ్" అంటే మన అగ్నికి ఆజ్యం పోయడమే, దగ్గరుంటే కోరిక ఇంకా రాజుకుంటుందనే పాట. దీన్ని 1967లోనే స్కీటర్ డేవిస్ పాడి హిట్ చేసింది. "ద కంపెనీ యూ కీప్" బిల్ ఫిలిప్స్‌కి ఇంకో హిట్. "అయామ్ ఇన్ నో కండిషన్" హ్యాంక్ విలియమ్స్ జూనియర్ పాడాడు. అంటే రేడియో వినే కంట్రీ శ్రోత ఈ రికార్డు కొని ఇంట్లో పెట్టుకుంటే నాలుగైదు పాటలు అప్పటికే నోటికి వచ్చేవి, వాటిని రాసిన మనిషి గొంతు మాత్రం కొత్త. ఆల్బమ్ బలం అదే, బలహీనతా అదే. పాటలు ఒకటొకటిగా గట్టివి, ఎవరికైనా నప్పేలా కొలత చూసి కుట్టినవి. కానీ ఈ మనిషి మాత్రమే చెప్పగల సంగతి, ఆ కొండలు, ఆ పేదరికం, ఆ ఇల్లు, ఇక్కడ దాదాపు కనిపించవు. అవి ఆ తర్వాతి ఏళ్లలో, 1971 నాటి "కోట్ ఆఫ్ మెనీ కలర్స్" లాంటి ఆల్బమ్‌లలో ముందుకు వచ్చాయి. అమ్మడానికి రాసిన పాటలకీ తనకోసం రాసుకున్న పాటలకీ తేడా వినాలనుకుంటే ఈ రెండు ఆల్బమ్‌లనీ వెంటవెంటనే వినడం కంటే మంచి దారి లేదు.

తను రాయని పాటే పేరైంది

"డంబ్ బ్లాండ్" అంటే బంగారు రంగు జుట్టున్న మొద్దమ్మాయి. అక్కడ అలాంటి జుట్టున్న ఆడవాళ్లకి బుర్ర ఉండదని ఒక ఎగతాళి ఉంది. నన్ను అలా అనుకుని మోసం చేద్దామనుకున్నావు, నేనేం తెలివితక్కువదాన్ని కాదు అని తిప్పికొట్టే పాట. రాసిన పట్మన్ అప్పటికే "గ్రీన్, గ్రీన్ గ్రాస్ ఆఫ్ హోమ్" రాసినవాడు, చేయి తిరిగినవాడు.

పాట తిరగబడేదే అయినా పేరులో ఉన్నది ఎగతాళే. ఆల్బమ్ పేరు కూడా 1964లో న్యూయార్క్ రంగస్థలం బ్రాడ్‌వేని ఊపేసిన సంగీత నాటకం "హలో, డాలీ!" మీద చిన్న చమత్కారం. పెద్ద విగ్గు, ముద్దొచ్చే పేరు, మొద్దమ్మాయి పాట, మూడూ కలిసి కట్టిన బొమ్మ వెనక పది పాటల రచయిత్రి కనబడకుండా పోయింది. తర్వాత దశాబ్దాల పాటు ఇంటర్వ్యూల్లో ఆమెని అడిగిన మొదటి ప్రశ్నలు జుట్టు గురించే కావడం చూస్తే ఆ బొమ్మ ఎంత గట్టిగా అతుక్కుందో తెలుస్తుంది. అయితే దీన్ని పూర్తిగా నష్టం కింద రాయలేం, ఎందుకంటే ఆ బొమ్మని ఆమె వదిలించుకోలేదు, ఇంకా పెంచింది, దాని మీద తనే జోకులు వేసింది.

అదే కాలంలో మిగతావాళ్లు

పోల్చి చూస్తే ఆల్బమ్ స్థానం ఇంకా తేటగా కనిపిస్తుంది. 1952లో కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లిన తొలి సోలో గాయని కిట్టీ వెల్స్, కానీ మగవాళ్లని నిలదీసిన ఆ పాట రాసింది మగవాడే, జే. డి. మిల్లర్. 1966-67కి వచ్చేసరికి లొరెట్టా లిన్ తన పాటలు తానే రాస్తూ, తాగొచ్చిన మొగుడిని గుమ్మం దగ్గరే ఆపే పాటతో నంబర్ వన్ కొట్టింది. ట్యామీ వైనెట్ తొలి ఆల్బమ్ కూడా 1967దే, కానీ ఆమె దారి వేరు, నిర్మాత బిల్లీ షెరిల్ పాటలు ఎంచి మలిచేవాడు, ఆమె గొంతు వాటిని మోసేది.

ఇంకొకరు బాబీ జెంట్రీ. మిసిసిప్పీ నుంచి వచ్చి, సొంతంగా రాసుకున్న "ఓడ్ టు బిల్లీ జో"తో అదే 1967 వేసవిలో కంట్రీ గోడ దూకి మొత్తం పాప్ చార్టులోనే నంబర్ వన్ అయింది, ఆ ఆల్బమ్ ఏకంగా బీటిల్స్ "సార్జెంట్ పెప్పర్స్"ని మొదటి స్థానం నుంచి దింపింది. సరిగ్గా ఆ నెలల్లోనే వచ్చిన "హలో, అయామ్ డాలీ" కంట్రీ ఆల్బమ్ చార్టులో 11 దగ్గర ఆగింది. తొలి ఆల్బమ్‌కి అది చెడ్డ స్థానమేం కాదు, కానీ తుపాను కూడా కాదు. లిన్‌లా నేరుగా తన బతుకే పాటగా పెట్టడం, జెంట్రీలా కథని సగంలో వదిలి జనాన్ని వెంటాడించడం, ఈ రెండూ పార్టన్ చేతనైనవే అని తర్వాత తేలింది, ఈ ఆల్బమ్‌లో మాత్రం ఆ రెండూ తక్కువ.

వచ్చిన నెలలోనే చేజారింది

ఆల్బమ్ దుకాణాల్లోకి వచ్చిన సెప్టెంబర్‌లోనే పార్టన్, కంట్రీ గాయకుడు పోర్టర్ వాగనర్ నడిపే "పోర్టర్ వాగనర్ షో"లో చేరింది. అమెరికా అంతటా పల్లెల్లో, చిన్న పట్నాల్లో కుటుంబాలు కూర్చుని చూసే అరగంట టీవీ కార్యక్రమం. జీతం ఏడాదికి 60,000 డాలర్లు, రెండు సెంట్ల లెక్క మీద బతుకుతున్న మనిషికి అది వేరే లోకం. అంతకుముందు ఏడేళ్లు ఆ స్థానంలో ఉన్న నార్మా జీన్‌ని జనం మర్చిపోలేక, మొదట్లో పార్టన్ స్టేజీ ఎక్కితే నార్మా జీన్ ఏదని అరిచేవాళ్లు. దానికి వాగనర్ వేసిన ఉపాయం యుగళగీతం. తను పక్కన నిలబడి కలిసి పాడితే జనం ఒప్పుకుంటారని.

వాగనర్ ఆర్‌సీఏ అనే పెద్ద రికార్డు కంపెనీ కళాకారుడు కాబట్టి కలిసి పాడాలంటే ఆమె కూడా అక్కడికే రావాలి. ఆర్‌సీఏలో ఛెట్ ఆట్కిన్స్‌కి ఆ గొంతు మీద నమ్మకం కుదరలేదనీ, నష్టం వస్తే తన రాయల్టీలోంచి కోసుకోమని వాగనర్ హామీ ఇచ్చాడనీ చెబుతారు. అలా మాన్యుమెంట్ రెండేళ్లకు పైగా సాకిన గాయని, ఆల్బమ్ వచ్చీరాగానే పరాయి కంపెనీకి వెళ్లిపోయింది. ఇద్దరూ పాడిన "ద లాస్ట్ థింగ్ ఆన్ మై మైండ్" చార్టులో 7 దాకా వెళ్లింది, అప్పటిదాకా ఆమె సోలో పాట ఏదీ చేరని చోటు.

ఆర్‌సీఏలో తొలి సోలో ఆల్బమ్ "జస్ట్ బికాజ్ అయామ్ ఎ ఉమన్" 1968లో వచ్చింది, 22 దగ్గర ఆగింది. సంఖ్య చూస్తే వెనకడుగు. కానీ పేరుపెట్టిన పాట పూర్తిగా ఆమెది. పెళ్లయిన కొన్నాళ్లకి, నీ జీవితంలో ఇంతకుముందు ఎవరైనా ఉన్నారా అని భర్త అడగడం, నిజం చెప్పాక అతను ముభావంగా అయిపోవడం, దాంట్లోంచి పుట్టిన పాట. నా తప్పులు నీ తప్పుల కంటే పెద్దవేం కాదు, ఆడదాన్ని కాబట్టి అలా కనిపిస్తున్నాయంతే అనేది దాని సారం. "డంబ్ బ్లాండ్"తో పక్కపక్కన పెట్టి వింటే ఒకటి తేలుతుంది: మొదటిదాంట్లో వాదన పట్మన్ అరువిచ్చింది, రెండోదాంట్లో వాదన సొంత ఇంట్లోది. అయినా సోలోగా నంబర్ వన్ రావడానికి 1971 "జాషువా" దాకా ఆగాల్సి వచ్చింది, మధ్యలో వాగనర్‌తో యుగళగీతాలే ఎక్కువ గుర్తింపు తెచ్చాయి.

పాటల హక్కుల విషయంలో మాత్రం ఆమె చురుగ్గానే కదిలింది. మేనమామతో కలిసి ఓవెపార్ అని సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకుంది, ఓవెన్స్‌లో సగం, పార్టన్‌లో సగం కలిపిన పేరు. డెబ్భైల మధ్యలో ఎల్విస్ ప్రెస్లీ ఆమె రాసిన "ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ" పాడతానంటే, అతని మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ పబ్లిషింగ్‌లో సగం అడిగాడు, ఆమె ఇవ్వనంది. ఎల్విస్ పాడలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడినప్పుడు రచయిత డబ్బు, పబ్లిషర్ డబ్బు రెండూ పార్టన్ దగ్గరే ఉన్నాయి.

మాన్యుమెంట్ చేతిలో మిగిలింది పాత టేపులు. ఆమె ఆర్‌సీఏలో పేరు తెచ్చుకున్నాక, 1970లో పాత రికార్డింగులతో "యాజ్ లాంగ్ యాజ్ ఐ లవ్" అని ఒకటి, 1972లో దాన్నీ తొలి ఆల్బమ్‌నీ కలిపి "ద వరల్డ్ ఆఫ్ డాలీ పార్టన్" అని ఇంకొకటి వేసింది. ఇప్పుడు వెతికేవాళ్లకి ఒకే పాట రెండు చోట్ల, వేర్వేరు ఏళ్లతో తగలడానికి కారణం ఇదే: 1970 అని తేదీ ఉన్నా మాన్యుమెంట్ పేరు కనిపిస్తే ఆ గొంతు 1967కి ముందుదో, ఆ ఏడాదిదో.